నర్సింగ్ చదివి మళ్లీ ఏజెన్సీకే వెళ్తానంటోంది, ఏం చేయాలి?

ప్రశ్న: మాది అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లి మండలం. గిరిజనులం. నేను ఆశ్రమ పాఠశాలలో టీచర్ని. మా అమ్మాయి విశాఖపట్నంలో బీఎస్సీ నర్సింగ్ మూడో సంవత్సరం చదువుతోంది. ఉత్తర కెనడాలో ఒక నర్సు ఆరోగ్య మంత్రి అయ్యారని చదివినప్పటి నుంచి ఒకటే మాట. మన ఏజెన్సీలోనే పనిచేస్తాను, తర్వాత రాజకీయాల్లోకి వెళ్తాను అంటోంది. నేనేమో కెనడా వెళ్లి స్థిరపడమంటున్నాను. కొండ దిగుతుందనే కదండీ చదివించాం, మళ్లీ కొండెక్కడానికా? మీరే చెప్పండి.

జవాబు: మాస్టారూ, "మళ్లీ కొండెక్కడానికా" అన్న మాట దగ్గర చాలాసేపు ఆగిపోయాను. అందులో నాకు కోపం కంటే భయం ఎక్కువ వినిపించింది. ఆ భయం తప్పు కాదు. అయితే మీ అమ్మాయి మాట కూడా పిల్లచేష్ట కాదు. ముందు ఆమె చదివిన ఆ కెనడా నర్సు సంగతి పూర్తిగా చెబుతాను. ఎందుకంటే మీ ఇద్దరి వాదనకూ అసలు జవాబు అందులోనే ఉంది.

ఆవిడ పేరు లీసా సెమ్లర్. కెనడాలోని నార్త్‌వెస్ట్ టెరిటరీస్‌లో ఇనువిక్ అనే చిన్న పట్టణం మనిషి. అక్కడి మూలవాసుల్లో ఇనువియాలుయిట్ తెగకు చెందినవారు. నర్సుగా పనిచేశారు. చిన్నతనంలోనే తల్లిని హింసకు పోగొట్టుకున్నారు. మూలవాసీ మహిళల హత్యలు, అదృశ్యాల మీద కెనడా జరిపిన జాతీయ విచారణలో బాధిత కుటుంబాల సలహా బృందంలో ఉన్నారు. 2019లో తన ఊరి నుంచే శాసనసభకు ఎన్నికయ్యారు. 2023 డిసెంబరులో ఆరోగ్య, సామాజిక సేవల మంత్రి అయ్యారు.

ఈ వరుస ఒకసారి చూడండి. సొంత ఊరు, సొంత మనుషులు, నర్సు పని. వీటన్నిటి తర్వాతే రాజకీయం. ఆవిడ ఎక్కడి నుంచో ఆ మారుమూలకు వెళ్లి మంత్రి కాలేదు, అక్కడే పుట్టారు. మీ అమ్మాయిని మీరు కెనడా పంపితే ఆమె అక్కడ లీసా సెమ్లర్ కాదు, కొత్తగా వచ్చిన ఒక నర్సు. చింతపల్లిలో అయితే ఫలానా మాస్టారి కూతురు. ఈ తేడా చాలా పెద్దది మాస్టారూ.

ఇంకో సంగతి కూడా అమ్మాయికి చెప్పాలి, లేకపోతే తర్వాత నిరాశ పడుతుంది. లీసా సెమ్లర్ ఉండే నార్త్‌వెస్ట్ టెరిటరీస్ విస్తీర్ణంలో మన రెండు తెలుగు రాష్ట్రాలూ కలిపినదానికి దాదాపు ఐదు రెట్లు. జనం మాత్రం 2021 లెక్కల ప్రకారం 41 వేలు, అంటే మన దగ్గర ఒక మండలంలో ఉండేంత. శాసనసభలో 19 మంది సభ్యులు. పార్టీలు లేవు. అందరూ స్వతంత్రులుగానే గెలిచి వస్తారు. గెలిచినవాళ్లే రహస్య ఓటుతో ముఖ్యమంత్రినీ మంత్రులనూ ఎన్నుకుంటారు. మూడు వేల పైచిలుకు జనం ఉన్న ఇనువిక్‌కే ఇద్దరు సభ్యులు. అలాంటి చోట పేరున్న ఒక నర్సమ్మ డబ్బు, పార్టీ అండ లేకుండా గెలవగలదు. మన దగ్గర అసెంబ్లీ ఎన్నిక ఎలా ఉంటుందో నేను మీకు చెప్పాలా? ఆ దారి ఇక్కడ అంత సులువుగా ఉండదు.

అయితే నర్సు పని విషయంలో మాత్రం ఆ మంచు ప్రాంతానికీ మీ కొండకూ పోలిక కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. అక్కడ చిన్న ఊళ్లలో డాక్టరు ఉండరు. హెల్త్ సెంటర్‌లో ఉండేది నర్సులే. జ్వరం చూసేది, కుట్లు వేసేది, నిర్ణయించిన మార్గదర్శకాల ప్రకారం మందులిచ్చేది వాళ్లే. డాక్టరు ఫోన్లో దొరుకుతారు, అప్పుడప్పుడు విమానంలో వచ్చి వెళ్తారు. కేసు చేయి దాటితే రోగిని విమానంలో ఆ ప్రాంత రాజధాని ఎల్లోనైఫ్‌కో, ఇంకా దూరంగా ఆల్బెర్టాలోని ఎడ్మంటన్‌కో పంపాలి. గర్భిణులు నెలలు నిండకముందే ఇల్లూ పిల్లల్నీ వదిలి ఆసుపత్రి ఉన్న ఊరికి వెళ్లి అక్కడే ఎదురుచూస్తారు. ఇది చదువుతుంటే నాకు సాలూరులో గిరిజన గర్భిణుల కోసం ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) పెట్టిన వసతి గృహం గుర్తొచ్చింది. డోలీలో మోసుకెళ్లే దారిలోనే ప్రసవం అయిపోతుందన్న భయంతో పుట్టిన ఏర్పాటు అది. మీకు నేను వివరించక్కర్లేదు.

అక్కడి పెద్ద కష్టం ఇంకొకటి ఉంది. నర్సులు నిలవరు. కొన్ని వారాల కాంట్రాక్టు మీద దక్షిణ కెనడా నుంచి వస్తారు, వెళ్తారు. రోగి తన కథంతా ప్రతిసారీ కొత్త మనిషికి మొదటి నుంచి చెప్పుకోవాలి. అక్కడ అధికార భాషలే 11. అందులో 9 మూలవాసులవి. వచ్చే నర్సుల్లో ఎంతమందికి ఆ భాషలు వస్తాయి? మీ అమ్మాయికి ఆదివాసీ ఒడియా గానీ కువి గానీ కాస్తయినా వస్తే, విశాఖలో తనతో చదువుతున్న చాలామందికి లేని అర్హత ఆమెకు ఇప్పటికే ఉన్నట్టు. కడుపునొప్పి ఎక్కడో, ఎలాంటిదో ఒక ముసలమ్మ తన భాషలో చెబితే అర్థం చేసుకోగలగడం చిన్న విషయం కాదు. దానికి మార్కులుండవు, అందుకే మనం లెక్కలోకి తీసుకోం.

ఇక మీ కెనడా ఆలోచన. అది చెడ్డదని నేను అనను. దారి పొడవైనది. సర్టిఫికెట్ల పరిశీలన, ఇంగ్లిష్ పరీక్ష, నర్సుల లైసెన్సు కోసం రాసే ఎన్‌క్లెక్స్ పరీక్ష, ఆ తర్వాత ఏ ప్రావిన్సులో పనిచేయాలంటే అక్కడి రిజిస్ట్రేషన్. నిబంధనలు ఒక్కో చోట ఒక్కోలా ఉంటాయి, మారుతుంటాయి. కాబట్టి ఏజెంట్ మాట కాకుండా అక్కడి నర్సింగ్ రిజిస్ట్రేషన్ సంస్థ వెబ్‌సైటే నమ్మండి. అక్కడ కూడా మారుమూల పోస్టులకు అనుభవం ఉన్నవాళ్లనే తీసుకుంటారు, ఒంటరిగా నిర్ణయం తీసుకోవాల్సిన పని కాబట్టి. ఇనువిక్‌లో చలికాలంలో దాదాపు నెల రోజులు సూర్యుడు కనిపించడు. డబ్బు బాగా వస్తుంది, ఒంటరితనం కూడా వస్తుంది. రెండూ అమ్మాయికి తెలియాలి.

పౌరసత్వం మాట ఎవరూ ముందే చెప్పరు, నేను చెబుతాను. అక్కడ పోటీ చేయాలంటే కెనడా పౌరురాలై ఉండాలి. శాశ్వత నివాసం వచ్చి, ఐదేళ్లలో 1,095 రోజులు అక్కడ ఉన్నాకే పౌరసత్వానికి దరఖాస్తు. మన దేశం ద్వంద్వ పౌరసత్వం ఒప్పుకోదు. విదేశీ పౌరసత్వం తీసుకున్న భారతీయులకు మన ప్రభుత్వం ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా ఇక్కడ ఓటు లేదు, పోటీ చేసే హక్కు లేదు. రాజకీయాల్లోకి రావాలన్న కోరిక నిజమైతే ఏ దేశంలో అన్నది ఆమె ముందే తేల్చుకోవాలి. డబ్బు కోసం నాలుగైదేళ్లు వెళ్లి తిరిగి రావాలంటే మాత్రం అడ్డేమీ లేదు. మన పౌరసత్వం వదులుకోకుండా చూసుకుంటే చాలు.

ఇక్కడే ఉంటే ఏం చేయాలో చెబుతాను. చదువు అవగానే నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్. వెంటనే కొండెక్కవద్దు. కనీసం రెండేళ్లు పెద్ద ఆసుపత్రిలో ఎమర్జెన్సీ, లేబర్ రూమ్ పని నేర్చుకోవాలి. పక్కన డాక్టరు లేని చోట పనిచేయాలంటే చేతికి ఆ ధైర్యం రావాలి. ఈ రెండేళ్లలో ఒక్క జాగ్రత్త. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరి చేతికీ ఇవ్వవద్దు. నా దగ్గరకు వచ్చిన ఒక అమ్మాయి ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేరేటప్పుడు ఇచ్చేసింది. ప్రభుత్వ ఉద్యోగానికి ఎంపికైనప్పుడు వాళ్లు సమయానికి తిరిగి ఇవ్వలేదు. ఆ ఉద్యోగం పోయింది. ఆ పిల్ల ఏడుపు ఇప్పటికీ మర్చిపోలేను.

ఆ తర్వాత గ్రామ ఆరోగ్య కేంద్రాల్లో, అంటే సబ్ సెంటర్లలో, ఎంఎల్‌హెచ్‌పీ (మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్) పోస్టు ఉంది. గిరిజన, కొండ ప్రాంతాల్లో సబ్ సెంటర్ ఒక్కటి 3 వేల మందికి. మైదానంలో అయితే 5 వేలకు. కాంట్రాక్టు ఉద్యోగమే, జీతం విషయంలో మీకు టెన్షన్ ఉంటుంది, నాకు తెలుసు. కానీ ఆ 3 వేల మందిలో ఎవరికి బీపీ ఉందో, ఏ ఇంట్లో పసిపిల్ల బరువు పెరగడం లేదో తెలిసిన మనిషి ఆమె ఒక్కతే అవుతుంది. ప్రసవాల మీద ఆసక్తి ఉంటే 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణ ఉంది. తెలంగాణ 2017లో కరీంనగర్‌లో మొదలుపెట్టి దారి చూపింది. పాలన వైపు వెళ్లాలంటే హైదరాబాద్‌లోని ప్రజారోగ్య సంస్థ ఐఐపీహెచ్‌లోనో, ముంబైలోని టాటా సామాజిక శాస్త్రాల సంస్థ టిస్‌లోనో ప్రజారోగ్యంలో పీజీ చేయవచ్చు. నా అభిప్రాయం అడిగితే, పీజీకి ముందు మూడేళ్లయినా ఊళ్లో పనిచేయాలి. క్లాసులో చెప్పే ప్రతి లెక్క వెనక ఆమెకు ఒక ముఖం కనబడాలి.

రాజకీయాల సంగతి. ప్రభుత్వ ఉద్యోగంలో ఉండగా పోటీ చేయడం కుదరదు, రాజీనామా చేయాలి. కాబట్టి ఇది చివరి మెట్టే గానీ మొదటిది కాదు. వయసు ప్రకారం పంచాయతీకి 21, అసెంబ్లీకి 25 ఏళ్లు నిండాలి. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో సర్పంచ్ పదవులు 1996 నాటి పెసా చట్టం (గిరిజన ప్రాంతాల పంచాయతీల చట్టం) వల్ల గిరిజనులకే. పాడేరు, అరకు, రంపచోడవరం అసెంబ్లీ సీట్లూ ఎస్టీ రిజర్వుడే. అంటే ఆ తలుపు ఆమెకు తెరిచే ఉంది. నర్సుగా పనిచేసి పెద్ద పదవికి వెళ్లినవాళ్లు మన దేశంలోనూ ఉన్నారు. కిశోరీ పెడ్నేకర్ ముంబై మేయర్ అయ్యారు. 2020లో కరోనా సమయంలో మళ్లీ నర్సు యూనిఫాం వేసుకుని నాయర్ ఆసుపత్రికి వెళ్లారు. పదవి లేకుండా కూడా చేయగలిగింది చాలా ఉంది. గ్రామసభలో నిలబడి ఈ ఏడాది మన ఊరి నుంచి ఎందరిని డోలీలో మోశామో లెక్క చెప్పగలిగితే, ఆ మాటను అధికారులు కాదనలేరు.

పెళ్లి, భద్రత, రాత్రి డ్యూటీ గురించి మీరు రాయలేదు గానీ మీ మనసులో ఉంటుంది. క్వార్టర్స్ ఉన్నాయా, తోడుగా ఏఎన్ఎం ఉంటుందా, ఫోన్ సిగ్నల్ అందుతుందా అన్నవి చేరకముందే మీరే వెళ్లి చూసి రండి. తండ్రిగా అది మీ హక్కు. అమ్మాయి కూడా కాదనదు.

ప్రస్తుతానికి ఒక్క పని చేయండి మాస్టారూ. చివరి సంవత్సరంలో కమ్యూనిటీ పోస్టింగ్ ఎక్కడ వేస్తారో ఇప్పుడే కాలేజీలో అడగమనండి. చింతపల్లి వైపు దొరికితే మంచిది. దొరక్కపోతే సెలవుల్లో సంత రోజున మీ ఊరి పీహెచ్‌సీలో అనుమతి తీసుకుని ఒక పూట కూర్చోమనండి. ఆ సాయంత్రం ఇంటికొచ్చి ఏం చెబుతుందో వినండి. అప్పుడు మళ్లీ నాకు రాయండి.