డిసెంబర్‌లో ఫ్రెండ్స్‌తో వంజంగి వెళ్దాం అనుకుంటున్నాం, సగం మందికి ఇదే ఫస్ట్ ట్రెక్, ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?

మీరు అడిగింది ఇదే కదా, వైజాగ్ నుంచి పాడేరు దగ్గరున్న వంజంగి కొండకి ఎనిమిది మంది, సగం మందికి నడక అలవాటు లేదు, ఒకబ్బాయికి మోకాలు నొప్పి, రాత్రికి రాత్రి బైకుల మీద వెళ్ళి పొద్దున్నే మేఘాలు చూసొచ్చేయాలి అని. వెళ్ళండి, బానే ఉంటది. కానీ కొండ ఎంత ఎత్తు, ఎంత దూరం అని యూట్యూబ్ వీడియోలు చూసే ముందు మీ ఎనిమిది మంది ఎలా నడుస్తారో అది ఆలోచించండి. మాది ఎంవీపీ కాలనీ బ్యాచ్, కంబాలకొండ, మాధవధార మెట్ల మీంచి సింహాచలం, వంజంగి అన్నీ కలిసే తిరిగాం, కొండ దగ్గర ఎప్పుడూ గొడవ రాలేదండి, వచ్చినవన్నీ "మమ్మల్ని వదిలేసి పోయారు కదరా" గొడవలే.

అది ఎలా జరుగుద్దంటే, జిమ్‌కి వెళ్ళే ఇద్దరు ముందు దూసుకుపోతారు, పైన ఒక బండ మీద కూర్చుని నీళ్ళు తాగి సెల్ఫీలు దిగి పది నిమిషాలు రెస్ట్ తీసుకుంటారు, వెనకవాళ్ళు రొప్పుకుంటా వచ్చేసరికి "వచ్చేశారా, బేగి రండి" అని లేచి మళ్ళీ నడక మొదలెడతారు. అంటే రెస్ట్ అక్కర్లేనోడికి రెస్ట్ దొరికింది, కావాల్సినోడికి అస్సలు లేదు. రెండు మూడు సార్లు ఇలా అయ్యాక వెనకున్నోళ్ళ మొహాలు మాడిపోతాయి, ఇంక పైన ఏం కనిపించినా ఎక్కదు. మేం ఇప్పుడు అందరికంటే నెమ్మదిగా నడిచేవాణ్ణి ముందు పెడతాం, స్పీడ్‌గా నడిచేవాణ్ణి తోకలో పెడతాం, బ్యాగుల్లో బరువు కూడా వాడికే. చివరోడు వచ్చి కూర్చున్నాకే రెస్ట్ మొదలైనట్టు లెక్క. వినడానికి చిన్న విషయమే గానీ గ్యాంగ్ మొత్తం మూడ్ దీని మీదే ఉంటది, మా వాళ్ళలో మొదట ఎగతాళి చేసినోడే ఇప్పుడు కొత్తవాళ్ళకి ఈ రూల్ చెప్తాడు.

మేఘాల సంగతి. టికెట్ కొన్నాం కాబట్టి మేఘాలు ఉండాలి అనుకుని వచ్చేవాళ్ళు చాలామంది. అక్కడ కనిపించేది ఎక్కువగా లోయలో పట్టిన పొగమంచు. రాత్రి ఆకాశం క్లియర్‌గా ఉండి గాలి లేకపోతే నేల బాగా చల్లబడి, ఆ చల్లగాలి కిందకి దిగి లోయలో చేరుద్ది, అందులో తేమంతా మంచులా పడుతుంది, మీరు దానికి పైన నిలబడి ఉంటారు కాబట్టి పాల సముద్రంలా కనిపిస్తది. ఎండెక్కేకొద్దీ విడిపోద్ది. రాత్రి గాలి గట్టిగా వీచినా, ఆకాశం నిండా మబ్బు పట్టినా సరిగ్గా రాదు. అందుకే బంగాళాఖాతంలో అల్పపీడనం అని వార్తల్లో వస్తే నేనైతే వాయిదా వేస్తాను. నవంబర్ నుంచి జనవరి వరకూ మంచి సీజన్, అయినా గ్యారంటీ ఎవడూ ఇవ్వలేడు, ఈ ముక్క మీవాళ్ళకి బయల్దేరే ముందే చెప్పేయండి.

మోకాలి ఫ్రెండ్‌కి ఎక్కడం కంటే దిగడమే కష్టం. మన తూర్పు కనుమల్లో రాయి ఎక్కువగా ఖోండలైట్, వానకి ఎండకి త్వరగా పాడై పొడి పొడి అయిపోద్ది, ఆ ఎర్ర గుల్ల మీద చెప్పులేసుకుని దిగితే జారుడే, తెల్లారుజామున మంచుకి తడిసుంటే ఇంకా దారుణం. కింద గ్రిప్ ఉన్న షూ, చేతిలో ఒక కర్ర, నిటారు చోట్ల పక్కకి తిరిగి చిన్న చిన్న అడుగులు. అసలు వాడి మోకాలు ఎంతవరకూ వస్తుందో తెలీకపోతే ముందు ఒక ఆదివారం కంబాలకొండ వెళ్ళి చూసుకోండి, జూకి ఎదురుగా హైవే పక్కనే. ఊరు ఆనుకునే ఉంది కదా అని తేలిగ్గా తీసుకోకండి, 70 చదరపు కిలోమీటర్ల పైన అడవి, 2002 నుంచి అభయారణ్యం, చిరుతలు ఉన్నాయి, రక్తపింజర్లు ఉన్నాయి. గేటు దగ్గర అటవీ శాఖ వాళ్ళని అడిగి, వాళ్ళు చెప్పిన దారిలోనే వెళ్ళండి. కార్తీక మాసం ఆదివారాలు మాత్రం వద్దు, వనభోజనాల జనంతో అడుగు పెట్టలేం. అది కూడా వాడి వల్ల కాకపోతే తొట్లకొండ ఉంది, కారు పైదాకా వెళ్ళిపోద్ది, బౌద్ధ ఆరామం శిథిలాలు, కింద భీమిలి రోడ్డు, సముద్రం, వ్యూకి ఏం తక్కువ లేదు. దాన్ని ట్రెక్ అని మాత్రం స్టేటస్ పెట్టకండి.

వంజంగి 3 వేల అడుగుల పైనే, చలికి మంకీ క్యాప్ ఉండాల్సిందే, వైజాగ్ చలి చూసి లెక్కేయొద్దు. టార్చ్ తలకి కట్టుకునేది అయితే చేతులు ఖాళీగా ఉంటాయి. నీళ్ళు కిందే నింపుకోండి, తిండికి పులిహోర బెస్ట్, ప్లాస్టిక్ మాత్రం మీతోనే కిందకి తెచ్చేయండి, అక్కడ గిరిజనుల పొలాలు, కాఫీ తోటలు ఉన్నాయి.

ఇంక బైకులు. నా సలహా వద్దనే. చోడవరం, మాడుగుల దాటాక పాడేరు ఘాట్ మొదలవుద్ది, అర్ధరాత్రి దాటాక మలుపుల్లో పొగమంచుకి ముందు బండి టెయిల్ లైట్ కూడా కనపడదు, వెనక కూర్చున్నోడు నిద్రలో తూగుతుంటాడు. వెళ్ళేటప్పుడు అందరికీ హుషారే, తిరుగు ప్రయాణంలో నిద్రలేని కళ్ళతో నడిపేదే అసలు ప్రమాదం. రోజూ ఆ ఘాట్‌లో తిరిగే డ్రైవర్లే అమ్మవారి పాదాల దగ్గర బండి ఆపి దణ్ణం పెట్టుకుని గానీ కదలరు. ఎనిమిది మందికి ఒక టెంపో మాట్లాడుకుంటే తలా కొంచెం పడుద్ది, లేదంటే శనివారం సాయంత్రమే వెలుతురుండగా పాడేరు చేరిపోయి రూమ్ తీసుకుని నాలుగింటికి లేవండి. రూమ్ ముందే బుక్ చేసుకోండి, డిసెంబర్ వీకెండ్స్‌లో అక్కడికెళ్ళి వెతికితే దొరకవు.