విశాఖలో అవయవదాన సేవ నిలదొక్కుకోవాలంటే ముందుగా ఏమి కావాలి?

ఆపరేషన్ థియేటర్ల కంటే ముందు, ఐసీయూ బయట నెమ్మదిగా మాట్లాడగల మనిషి కావాలి. నలుగురు వైద్యుల బృందం కనీసం 6 గంటల తేడాతో రెండుసార్లు పరీక్షించి బ్రెయిన్‌డెత్, అంటే మెదడు ఇక కోలుకోలేనంతగా ఆగిపోయిందని, నిర్ధారిస్తుంది. కానీ వెంటిలేటర్ మీద ఛాతీ కదులుతూనే ఉంటుంది, చెయ్యి వెచ్చగానే ఉంటుంది. శ్రీకాకుళం నుంచి రాత్రికి రాత్రి వచ్చిన తల్లి ఎలా నమ్ముతుంది? ఆ మాట్లాడే మనిషి, అంటే అవయవదాన సమన్వయకర్త, మొదట ఆమెను కూర్చోబెట్టాలి. మరణవార్తనూ దానం మాటనూ ఒకే గుక్కలో చెప్పకూడదు.

అవయవాల కేటాయింపు రాష్ట్ర ప్రభుత్వ అవయవదాన కార్యక్రమమైన జీవన్‌దాన్ జాబితా ప్రకారమే జరగాలి. అనుమానం ఒక్కసారి పుడితే ఊరంతా పాకుతుంది. బయటికి తీసిన గుండెను అమర్చడానికి 4 నుంచి 6 గంటలే గడువు, కాబట్టి దారి ఖాళీ చేయించడానికి పోలీసుల సాయం తప్పదు.

నేనైతే కళ్లతో మొదలుపెట్టమంటాను. మామూలు మరణం తరువాత కూడా 6 గంటల్లోపు కార్నియా (కంటి ముందుండే పారదర్శకమైన పొర) తీసుకోవచ్చు, ఇంటి దగ్గరైనా సరే.