శనివారం పేజీలో కూర్చున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నీ ఉత్తరం మొన్న బుధవారం అందింది. పత్రికలో ఉద్యోగం దొరికిందని రాసిన చోట అక్షరాలు గుండ్రంగా, నింపాదిగా ఉన్నాయి. ‘నన్ను వారాంతపు టీవీ పేజీలో కూర్చోబెట్టారు మాస్టారూ’ అన్న చోటికి వచ్చేసరికి పెన్ను కాగితంలోకి దిగబడింది. ‘ఏ ఛానల్లో ఏ సినిమా ఎన్ని గంటలకో రాయడానికా నేను ఎమ్మే తెలుగు చదివింది, ఇలా అయితే కథలు ఎప్పుడు రాస్తాను’ అని అడిగావు. నీ బాధ నాకు తెలియనిది కాదమ్మా. నేనూ ఆ కుర్చీలోనే మొదలుపెట్టాను. అక్కడ నేర్చుకున్నంతగా ఆ తర్వాత ఏ డెస్కులోనూ నేర్చుకోలేదు. అందుకే ఇంత పొడుగు ఉత్తరం.

నేను చేరింది 1987లో. నాలుగు పేజీల చిన్న పత్రిక. అప్పటికి మా ఊళ్లో టీవీ అంటే దూరదర్శన్ ఒక్కటే. ఆ జనవరి 25, ఆదివారం ఉదయం తొమ్మిదిన్నరకు రామాయణం సీరియల్ మొదలైంది. హిందీ ఒక్క ముక్క రాని మా వీధివాళ్లంతా టీవీ ఉన్న ఇంటి ముందు చెప్పులు విడిచి కూర్చునేవాళ్లు. కథ తెలుసు కదా, భాషతో పనేముంది! శుక్రవారం సినిమా పాటల చిత్రలహరి, వారాంతంలో సినిమా, ఆదివారం రామాయణం. అన్నీ కలిపితే నాలుగైదు లైన్లు. ఆ లైన్లు రాసే పని నాది. అప్పుడింకా సీసం అక్షరాలు చేత్తో పేర్చేవాళ్లు. మా కంపోజిటర్ నా కాగితం చూసి, ‘ఇన్ని సున్నాలు అక్షరాల పెట్టెలో లేవు బాబూ, 9.00 అనకుండా తొమ్మిది గంటలకు అని రాయండి’ అనేవాడు. నాకు మొదట చిరాకు వేసేది. తర్వాత ఆయన చెప్పినట్టు రాసి పైకి చదువుకుంటే, ఒక మనిషి ఇంకో మనిషికి చెబుతున్నట్టే ఉంది. నా భాష మీద ఎవరైనా చేసిన మొదటి దిద్దుబాటు అదే.

1995లో జెమినీ, ఈటీవీ వచ్చాయి. తర్వాత ఒకదాని వెంట ఒకటి. నాలుగు లైన్లు కాలమ్ అయ్యాయి, కాలమ్ సగం పేజీ అయింది. ఇప్పుడు ఛానళ్ల నుంచి నీ ముందుకు వచ్చే షీట్లలో వందకు పైగా సినిమాల పేర్లుంటాయి. అన్నీ వేసే చోటు ఉండదు. ఏవి ఉంచాలి, ఏవి తీయాలి అన్నది నువ్వే తేల్చుకోవాలి. అక్కడే రాయడం మొదలవుతుంది.

ముందుగా, ఈ పేజీ ఎవరు చదువుతారో చెప్తాను. మా వెనక వీధిలో ఒక పెద్దావిడ ఉన్నారు. వయసు డెబ్బై దాటింది. శనివారం పేపరు రాగానే ఆ పేజీ మధ్యకు మడిచి, పప్పుడబ్బా మీద పెట్టుకుని, చిన్న పెన్సిల్ ముక్కతో సున్నాలు చుడతారు. ఆదివారం పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి, రాత్రి ఒకటి. తర్వాత కత్తెరతో ఆ ముక్క కత్తిరించి క్యాలెండర్ మేకుకు గుచ్చుతారు. ఒకసారి నేను అక్కడే కూర్చుని చూశాను. మధ్యాహ్నం పన్నెండు గంటల సినిమాకు సున్నా చుట్టి, కోడలితో ‘అమ్మాయ్, రేపు పప్పు పొద్దున్నే నానబెట్టు, పదకొండున్నరకల్లా వంట అయిపోవాలి’ అన్నారు. బీపీ మాత్ర, మడి బట్టలు ఆరేయడం, కూతురికి ఫోన్ చేయడం, అన్నీ ఆ సున్నాల చుట్టూ సర్దుకున్నాయి. ఆదివారమంతా ఒక ఇల్లు ఎలా నడవాలో నా పేజీ చెబుతోందని అప్పుడు తెలిసింది.

రిమోట్‌లో గైడ్ బటన్ నొక్కితే అన్నీ వస్తాయి కదా అని నీ పక్క సీటు కుర్రాడు అంటాడు. వస్తాయి. చాలా సెట్‌టాప్ పెట్టెల్లో ఇంగ్లీషులో వస్తాయి. లోకల్ కేబుల్ వాళ్ల పెట్టెల్లో కొన్నిట్లో అసలు రావు. ఆవిడ కోసం ఆ బటన్ ఎవరూ నొక్కరు. చదివేవాళ్లు తగ్గుతున్నారన్నది నిజమే, అది దాచను. కానీ మిగిలినవాళ్లకు ఇంకో దారి లేదు. అందుకని వాళ్ల విషయంలో మరింత జాగ్రత్తగా ఉండాలి.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్తాను. 2014 ఫుట్‌బాల్ ప్రపంచకప్ ఫైనల్, జర్మనీకీ అర్జెంటీనాకూ. బ్రెజిల్‌లో జూలై 13 సాయంత్రం. మనకు అదే ఆదివారం అర్ధరాత్రి దాటాక పన్నెండున్నర. మాకు వచ్చిన షీట్‌లో ‘14 జూలై, 00.30’ అని ఉంది. సున్నా సున్నా అంటే పాఠకుడికి అర్థం కాదనుకుని ‘14 సోమవారం, 12.30’ అని మార్చాను. మార్చి, హాయిగా ఇంటికెళ్లి పడుకున్నాను. సోమవారం పొద్దున పదింటికి ఒక పీఈటీ మాస్టారు ఆఫీసుకు వచ్చారు. పేపరు నా బల్ల మీద పరిచారు. తన దగ్గర ఫుట్‌బాల్ నేర్చుకునే పిల్లలందరినీ మధ్యాహ్నం బడికి రమ్మన్నారట, పెద్ద టీవీ ఒకటి అద్దెకు మాట్లాడారట. పొద్దున ఎవరో ఫోన్ చేసి జర్మనీ ఒక గోల్‌తో గెలిచిందని చెప్పారు. ఆయన అరవలేదు. ‘నాలుగేళ్లకోసారి వచ్చేదండీ’ అన్నారు, అంతే. నా దగ్గర జవాబు లేదు. ఇన్నేళ్లయినా ఆ గొంతు నాకు గుర్తే.

తప్పు ఎక్కడ జరిగిందో ఆ రాత్రి కూర్చుని ఆలోచించాను. ఇంగ్లీషు లెక్కలో అర్ధరాత్రి దాటితే తేదీ మారుతుంది. మన పంచాంగంలో రోజు సూర్యోదయంతో మొదలవుతుంది. మన ఇళ్లలో ‘ఆదివారం రాత్రి ఒంటిగంటకు బండి దిగాం’ అంటారు, ‘సోమవారం ఒంటిగంటకు’ అనరు. భాషలో ఉన్న ఆ లెక్కను నేను పట్టించుకోలేదు. అప్పటినుంచి అర్ధరాత్రి దాటిన ప్రతి కార్యక్రమానికీ ‘ఆదివారం అర్ధరాత్రి 12.30, తెల్లవారితే సోమవారం’ అని రాశాను. రెండు మాటలు ఎక్కువైనా సరే. ఆస్ట్రేలియాలో మ్యాచ్ ఉంటే ‘తెల్లవారుజామున’ అని రాయి, ‘ఉ.’ అని మాత్రం రాయకు. ఉదయం అంటే మనవాళ్లకు కాఫీ తర్వాత. ఎవరు ఎప్పుడు లేస్తారో, ఏ పూటను ఏమంటారో తెలియకుండా కథలో మాత్రం ఒక పొద్దును ఎలా రాస్తావు చెప్పు?

ఇంకో సంగతి. మల్లీశ్వరి అని ఊరికే రాసి వదిలేయకు. 1951లో భానుమతి, ఎన్టీఆర్‌లతో బి.ఎన్.రెడ్డి గారు తీసినది ఒకటి. 2004లో వెంకటేష్, కత్రినా కైఫ్‌లు చేసినది ఒకటి. దేవదాసు అయితే ఇంకా ఇబ్బంది: 1953లో అక్కినేని, 1974లో కృష్ణ, 2006లో రామ్. పేరొక్కటే చూసి తాతగారు కుర్చీ ముందుకు లాక్కుంటారు, మనవడు లేచి వెళ్లిపోతాడు. అక్కడ వచ్చేది కొత్తదైతే ఇద్దరూ మోసపోయినట్టే. సినిమా వచ్చిన ఏడాది రాయి, ఒక్క నటుడి పేరు రాయి. షీట్‌లో లేకపోతే ఛానల్‌కు ఫోన్ చేసి కనుక్కో. ఫోన్ చేయడానికి బద్ధకించే అలవాటు ఇప్పుడే పడితే, రేపు నీ కథలో వడ్రంగి ఏ పనిముట్టు పట్టుకున్నాడో కనుక్కోవడానికీ బద్ధకిస్తావు.

‘ఈ వారం మా ఎంపిక’ అని ఒక బాక్స్ ఇచ్చారన్నావు కదా, సినిమాకు ఒక్క లైన్. నువ్వు పంపిన కటింగ్ చూశాను. ‘చక్కటి కుటుంబ కథా చిత్రం’, ‘ఆద్యంతం వినోదం పంచే చిత్రం’, ‘తప్పక చూడాల్సిన చిత్రరాజం’. ఆ మూడు లైన్లూ ఒకదాని చోట ఒకటి పెట్టినా ఎవరికీ తేడా తెలియదు. నేను చూడని సినిమా గురించి నాకేమీ తెలియలేదు. దాని బదులు పాత మల్లీశ్వరికి ఇలా రాసి చూడు: ‘రాణివాసంలో చిక్కుకున్న పల్లెపిల్ల, బయట మిగిలిపోయిన ఆమె బావ.’ ఏడు మాటలు. ఎవరు, ఎక్కడ, ఏమిటి చిక్కు. ముగింపు చెప్పలేదు, పొగడలేదు. ఇలా వారానికి ఆరు లైన్లు రాయి. సినిమా చూడకుండా రాయకు, చూసినవాళ్లను అడిగైనా రాయి. ఏడాది తిరిగేసరికి మూడు వందల కథలను ఒక్కో వాక్యంలో పట్టుకున్నదానివి అవుతావు. నీ కథలో అసలు చిక్కేమిటో ఒక్క లైన్‌లో చెప్పలేకపోతే, ఆ కథ నీకే ఇంకా అందలేదని తెలుస్తుంది. నీ ‘వానగుడి’ పదకొండు పేజీలు చదివాక నాకు అనిపించింది అదే. కోప్పడకు.

పేజీ పెట్టేశాక కూడా పని అయిపోదు. 2020 సెప్టెంబర్ 25, శుక్రవారం. మధ్యాహ్నానికి బాలు గారు పోయారన్న వార్త. అప్పటికే మా శనివారం పేజీ సిద్ధంగా ఉంది. ఇలాంటప్పుడు ఛానళ్లు వేయాల్సినవి ఆపి, ఆ మనిషి పాటలు, కార్యక్రమాలు వేస్తాయి. ఏది మారుతుందో వాళ్లకే ఇంకా తెలియదు. కరోనా రోజులు, డెస్కులో ముగ్గురమే ఉన్నాం. ముగ్గురం మాస్కులు పెట్టుకునే ఏడ్చాం. అప్పుడు మా కుర్రాడొకడు, ఖాయంగా తెలిసినవే ఉంచి, మిగతా చోట ‘బాలు గారి మరణంతో కార్యక్రమాలు మారవచ్చు’ అని పెట్టేద్దాం అన్నాడు. మంచి మాట. పేజీలో తెల్లగా ఖాళీ మిగిలింది. పేజీలో ఖాళీ అంటే నాకు ఎప్పుడూ టెన్షన్. ఆ రోజు మాత్రం అలాగే వదిలేశాను. తెలియనిది నింపితే అది అబద్ధమవుతుంది. కథలోనూ నీకు తెలియని చోట ఒక ఉపమానం తెచ్చి పూడ్చకు.

యాడ్ వస్తే ముందు కోసేది నీ పేజీనే. దానికి బాధపడి లాభం లేదు, కానీ కోత ఎక్కడ పడాలో నువ్వే చెప్పు. అక్షరాలు తగ్గించి ఇరికిద్దామంటే మాత్రం ఒప్పుకోకు. మన ఒత్తులు చిన్న అక్షరంలో, న్యూస్‌ప్రింట్ మీద, ఇంకు పీల్చుకుని ముద్దయిపోతాయి. 3 చూస్తే 8లా ఉంటుంది. మూడున్నర సినిమా కోసం ఎనిమిదిన్నర దాకా ఎదురుచూసినవాళ్లున్నారు. రెండు ఛానళ్లు తీసేసినా ఫర్వాలేదు, మిగిలినవి కనబడాలి.

ఆ బల్ల మీద ఫోన్ మోగితే నువ్వే ఎత్తు. పాఠకులు చేసే ఫోన్లు అవి. పక్కన ఒక నోట్‌బుక్ పెట్టుకో. నా నోట్‌బుక్‌లోది ఒకటి చెప్తాను. ఒక తండ్రి ఫోన్ చేశాడు. ఆదివారం మధ్యాహ్నం సినిమా ఎన్నింటికి మొదలో పేపర్లో ఉంది గానీ, ఎన్నింటికి అయిపోతుందండీ అని అడిగాడు. ఎందుకండీ అన్నాను. నాలుగింటికి పెద్దమ్మాయికి పెళ్లిచూపులు. ముందు గదిలో ఉన్న టీవీ ఒక్కటే. ఆ సినిమా అంటే చిన్నపిల్లకు ప్రాణం, మధ్యలో కట్టేస్తే ఏడుస్తుంది. రెండున్నర గంటల సినిమా ప్రకటనలతో కలిపి మూడు, మూడున్నర గంటలు పడుతుంది, నాలుగు దాటుతుందండీ అన్నాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. ‘పోనీ వాళ్లను అయిదింటికి రమ్మంటాను లెండి’ అని పెట్టేశాడు.

మగపెళ్లివాళ్లకు ఆయన ఏ సాకు చెప్పాడో, చిన్నపిల్ల సినిమా చివరిదాకా చూసిందో లేదో, పెద్దమ్మాయి పక్క గదిలో చీర కట్టుకుంటూ ఆ పాటలు వింటూ ఉందో, ఏమనుకుందో, నాకు తెలియదు. ఆ కథ నేను రాయలేకపోయాను. నాకు ఆడపిల్లలు లేరు, ఆ గది లోపలి సంగతులు తెలియవు. నీకు తెలుసు. కావాలంటే తీసుకో.

ఈ శనివారం నీ పేజీ ఒక కాపీ పోస్టులో పంపు. వాట్సాప్‌లో వద్దమ్మా. ఫోన్లో అయితే వేళ్లతో పెద్దది చేసుకుని చదివేస్తాను. కాగితం మీద, సాయంత్రం అరుగు మీద కూర్చుని, కళ్లజోడు పెట్టుకుని చూడాలి. చదవలేకపోయిన చోటల్లా పెన్సిల్‌తో సున్నా చుట్టి తిప్పి పంపుతాను.

ఆశీస్సులతో,
మాస్టారు