ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదని తేలాక ఇంకేం ఉన్నాయి?

ఇంటర్ సెకండియర్ బైపీసీ, నాన్నకి కిరాణా కొట్టు, ఇన్‌కమ్ సర్టిఫికెట్ రెండున్నర లక్షలకి వచ్చింది కాబట్టి ఈపాస్‌కి (రాష్ట్రం ఫీజు రీయింబర్స్‌మెంట్ ఇచ్చే పోర్టల్) పనికిరాదన్నారు, మరి డిగ్రీకి స్కాలర్‌షిప్‌లు ఎక్కడ వెతకాలి అని అడిగావు కదా తమ్ముడూ. నాదీ అచ్చం నీ పరిస్థితే. మా నాన్న మిర్యాలగూడలో రైస్ మిల్లు గుమస్తా. బీసీలకి పల్లెలో లక్షన్నర, పట్నంలో రెండు లక్షలు దాటితే రీయింబర్స్‌మెంట్ లేదు. అలా కాగితం మీద మేం కలిగినవాళ్లమైపోయాం.

నీలాంటి వాళ్లకి ముందు చూడాల్సింది కేంద్రం ఇచ్చే సెంట్రల్ సెక్టార్ స్కాలర్‌షిప్. ఆదాయం నాలుగున్నర లక్షల దాకా పర్లేదు. ఇంటర్ మార్కుల్లో మన బోర్డులో పై 20 శాతం మందిలో ఉండాలి, రెగ్యులర్ డిగ్రీలో చేరాలి. మొదటి మూడేళ్లూ ఏడాదికి 12,000 రూపాయలు. దేశం మొత్తానికి ఏటా 82,000 మందికి కొత్తగా ఇస్తారు, అందులో సగం ఆడపిల్లలకి. సైన్స్, కామర్స్, ఆర్ట్స్‌కి 3:2:1 లెక్కన విడివిడిగా వాటాలున్నాయి, కాబట్టి మీ ఫ్రెండ్స్‌లో సీఈసీ, హెచ్‌ఈసీ వాళ్లుంటే ఇవన్నీ ఎంపీసీ వాళ్లకే అనుకోవద్దని చెప్పు. ఒక మెలిక మాత్రం ఉంది. రాష్ట్రం ఇచ్చే ఫీజు రీయింబర్స్‌మెంట్ తీసుకుంటే ఇది రాదు, రెండిట్లో ఒకటే. నీకు ఎలాగూ అది లేదు కాబట్టి ఆ గొడవ లేదు.

నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో అప్లై చేయాలి. అది అయ్యాక పని అయిపోయిందనుకుంటాం కానీ కాలేజీ వాళ్లు ఆన్‌లైన్‌లో వెరిఫై చేస్తేనే ముందుకు కదులుతుంది. మా కాలేజీలో ఆ సీట్లో ఉన్న సారు "లాగిన్ పనిచేయట్లేదమ్మా" అని రెండు వారాలు తిప్పారు. రోజూ లంచ్ అవగానే వెళ్లి ఆయన బల్ల ముందు నిలబడేదాన్ని. చివరికి నా పోరు పడలేక చేశారనుకుంటా. మొహమాటపడితే మాత్రం గడువు దాటిపోతుంది. రెండో ఏడాది రెన్యువల్ కూడా మనమే పెట్టుకోవాలి. 50 శాతం మార్కులు, 75 శాతం హాజరు ఉన్నా సరే, పెట్టకపోతే ఆగిపోతుంది. మా క్లాసులో ఒకమ్మాయికి అలాగే పోయింది.

బీఎస్సీలో చేరే ఉద్దేశం ఉంటే కేంద్రం ఇచ్చే ఇన్‌స్పైర్ స్కాలర్‌షిప్ చూడు. బోర్డులో పై ఒక శాతంలో ఉండి బేసిక్ సైన్సెస్ చదివేవాళ్లకి ఏడాదికి 80,000. నాకు మార్కులు చాల్లేదు. మనవాళ్లు మంచి మార్కులు రాగానే బీటెక్, ఎంబీబీఎస్ అంటూ పరిగెడతారు గానీ దీని పేరు విన్నవాళ్లు తక్కువ. రిలయన్స్ ఫౌండేషన్‌ది ఏ డిగ్రీ అయినా ఫస్టియర్ వాళ్లకే, ఆన్‌లైన్ పరీక్ష ఉంటుంది, కోర్సు మొత్తానికి రెండు లక్షల దాకా ఇస్తారు. ఇంట్లో చెల్లి ఉండి ఇంజనీరింగ్‌లో చేరితే ఏఐసీటీఈ (సాంకేతిక విద్యని చూసే కేంద్ర సంస్థ) వాళ్లు ఆడపిల్లలకిచ్చే ప్రగతి స్కాలర్‌షిప్ ఉంది, ఏడాదికి 50,000, ఆదాయం ఎనిమిది లక్షల దాకా.

వాట్సాప్‌లో వచ్చే లింకులు నమ్మకు. రిజిస్ట్రేషన్‌కి 500 కట్టమన్నారంటే అక్కడితో ఆపెయ్.

ఇప్పుడు ఇంట్లో కూర్చునే చేయగలిగిన పని ఒకటి చెప్తా. టెన్త్ మెమో, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ పక్కపక్కన పెట్టి నీ పేరు అక్షరం అక్షరం పోల్చి చూడు. నా మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంది, ఆధార్‌లో పూర్తిగా ఉంది. అది సరిచేయించడానికి మీసేవ చుట్టూ నాలుగుసార్లు తిరిగాను. అసలే జూన్, అడ్మిషన్ల రద్దీ.

తర్వాత బ్యాంకు. 2022లో అప్లై చేసినప్పుడు కాలేజీ దగ్గర కొత్త ఖాతా తెరిచాను. నా పేరు సెలెక్ట్ అయింది, డబ్బులు మాత్రం రాలేదు. నెలల తరబడి ఆ ఖాతానే చూసుకుంటూ కాలేజీ ఆఫీసుని తిట్టుకున్నా. వేసవి సెలవులకి ఊరెళ్తే, బీరువాలో ఎనిమిదో తరగతిలో స్కూలు వాళ్లు తెరిపించిన జీరో బ్యాలెన్స్ పాస్‌బుక్ కనిపించింది. అట్ట మీద పసుపు మరక. ఎందుకో అనుమానం వచ్చి బ్యాంకు మెషిన్‌లో పెడితే అది కిర్రుకిర్రుమంటూ రెండు లైన్లు కొట్టింది. రెండో లైన్లో 12,000. ఆధార్‌కి ముడిపడి ఉన్నది ఆ పాత ఖాతా, ఈ డబ్బు ఆధార్ నంబర్ పట్టుకుని దానికే వెళ్తుంది. మనం కొత్త ఖాతా తెరిస్తే దానంతటది మారదు.

నీ ఆధార్‌కి ఏ బ్యాంకు ముడిపడి ఉందో ఆధార్ వెబ్‌సైట్‌లో బ్యాంక్ సీడింగ్ స్టేటస్ అని ఉంటుంది, ఓటీపీతో తెలుస్తుంది. అది మూతపడిన ఖాతా అయితే పరీక్షలు అయిపోగానే బ్యాంకుకి వెళ్లి మార్పించుకో. నాన్న ఫోన్ నంబరే ఆధార్‌కి ఉంటే ఓటీపీ కోసం ఆ టైముకి కొట్టు దగ్గరే ఉండు.