నాన్నకు తిప్పతీగ తాగిస్తున్నాం, డాక్టరుకు చెప్పాలా?

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర ఒక ఊరు. నాన్నకు 56 ఏళ్లు. సీఎంఎల్ అనే బ్లడ్ క్యాన్సర్‌కు ఎనిమిది నెలలుగా హైదరాబాద్‌లో చూపిస్తున్నాం, రోజూ ఇమాటినిబ్ 400 మిల్లీగ్రాముల గోళీ వేసుకుంటున్నాడు. మా మేనమామ అచ్చంపేట వైపు నుంచి తిప్పతీగ తెచ్చిచ్చాడు, పొద్దున్నే కషాయం కాచి ఇస్తున్నాం. ఇమ్యూనిటీకని పసుపు క్యాప్సూల్స్ కూడా మొదలుపెట్టాం. డాక్టరుకు చెబితే తిడతారని నాన్న వద్దంటున్నాడు. ఏమైనా ఇబ్బందా?

జవాబు: చెప్పాలమ్మా. వచ్చే నెల చెకప్ దాకా ఆగొద్దు, రేపే ఫోన్ చేసి చెప్పండి, అప్పటిదాకా కషాయం, క్యాప్సూల్స్ రెండూ పక్కన పెట్టండి. ఇమాటినిబ్ మాత్రం ఒక్కరోజు కూడా మీ అంతట మీరు మానొద్దు.

చెట్టు మందులంటే నాకు చిన్నచూపు లేదు. మన వాకిళ్లలో పూసే బిళ్లగన్నేరు నుంచే లుకేమియా అనే బ్లడ్ క్యాన్సర్‌లో ఇచ్చే విన్‌క్రిస్టిన్ మందు వచ్చింది. కానీ దాన్ని పెద్దవాళ్లకు కూడా మామూలుగా ఒకసారికి 2 మిల్లీగ్రాములు దాటనివ్వరు, ఎక్కువైతే నరాలు దెబ్బతింటాయి. గుప్పెడు తీగ గిన్నెలో వేసి కాస్తే ఏది ఎంత దిగిందో ఎవరు కొలుస్తారు?

ఇక ఇమ్యూనిటీ మాట. మీ నాన్న జబ్బే ఎముక మజ్జలో తెల్లకణాలు అదుపు తప్పి పుట్టడం. దాన్ని అదుపులో పెడుతున్నది ఆ గోళీ. తిప్పతీగ దానికి తోడవుతుందని రుజువేమీ లేదు. పైగా 2021లో ముంబై డాక్టర్లు తిప్పతీగ వాడినవాళ్లలో కాలేయం దెబ్బతిన్న కేసులు బయటపెట్టారు. ఆయుష్ మంత్రిత్వ శాఖ ఒప్పుకోలేదు, అదే పోలికలో ఉండే వేరే తీగ వాడి ఉండొచ్చంది. అది నిజమైనా మనకు భయమే కదా, మీ మామ తెచ్చింది ఏ తీగో ఎవరు పోల్చి చూశారు? కూరలో వేసే పసుపుతో ఇబ్బంది లేదు. క్యాప్సూల్స్ వేరు, బాగా ఒంటబట్టాలని చాలావాటిలో మిరియాల సారం పైపరిన్ కలుపుతారు, మందులను కరిగించే కాలేయం పనిని ఆ సారం తగ్గించగలదు. ఇమాటినిబ్ కరిగేదీ కాలేయంలోనే, అంటే అది ఒంట్లో ఎక్కువగా మిగిలిపోవచ్చు. డబ్బా వెనక చిన్న అక్షరాలు చదవండి.

అన్నిటికంటే నాకు టెన్షన్ పెట్టేది దాచడం. రేపు లివర్ టెస్టులో, కాలేయం దెబ్బతింటే పెరిగే ఎస్‌జీపీటీ పెరిగిందనుకోండి, కషాయం సంగతి తెలియని డాక్టరు ఇమాటినిబ్ పడట్లేదనుకుని డోసు తగ్గిస్తారు, లేదా ఆపేస్తారు. బాగా పనిచేస్తున్న మందు చేతులారా పోయినట్టే. ఒకసారి ఓపీలో భర్త రిపోర్టు పట్టుకుని వచ్చిన ఒక పెద్దమ్మ, ఇంకేమైనా వాడుతున్నారా అని నేను మూడోసారి అడిగాక, సంచి అడుగు నుంచి పేపర్లో చుట్టిన పొడి పొట్లం తీసి బల్ల మీద పెట్టింది. చేతులు వణుకుతున్నాయి. తిట్టలేదు, తెచ్చినందుకు దండం పెట్టాను. మీరూ ఆ తీగ ముక్క, డబ్బా రెండూ పట్టుకెళ్లండి.

గోళీ అన్నం తిన్నాక పెద్ద గ్లాసు నీళ్లతో వేయించండి. పంపరపనస వద్దు. ఫ్లూ టీకా ఎప్పుడు వేయించాలో కూడా డాక్టర్నే అడగండి, ఇమ్యూనిటీ కోసం నిజంగా చేయగలిగింది అది.

ప్రశ్న: మా తమ్ముడికి ఏఎల్‌ఎల్ అనే బ్లడ్ క్యాన్సర్, కీమో నడుస్తోంది. ప్లేట్‌లెట్లు పడిపోతే బొప్పాయి ఆకు రసం తాగించమంటున్నారు. – మిర్యాలగూడ పాఠకురాలు

జవాబు: వద్దు. డెంగీ మాట విని చెబుతున్నారు వాళ్లు. ఇక్కడ కీమో మజ్జను అణచడం వల్ల పడిపోతున్నాయి, జబ్బు వల్ల కూడా. అవసరమైతే ప్లేట్‌లెట్లు ఎక్కించాల్సిందే. క్రిములతో పోరాడే తెల్లకణాలు, అంటే న్యూట్రోఫిల్స్, తక్కువగా ఉన్నప్పుడు పచ్చి ఆకు నూరి తాగిస్తే దాని మీది క్రిములు నేరుగా లోపలికి వెళ్తాయి. దాని బదులు ఒక థర్మామీటర్ కొనండి. 100.4 ఫారన్‌హీట్ వచ్చిందంటే పారాసిటమాల్ వేసి తెల్లారేదాకా చూడొద్దు, అర్ధరాత్రి అయినా బండి మాట్లాడుకుని దవాఖానకు బయల్దేరండి, దారిలోనే మీ క్యాన్సర్ డాక్టరుకు ఫోన్ చేయండి.