కంచం ముందు కాపలా మానేశాకే మా వాడు తిన్నాడు

మూడేళ్ళ పాప పెరుగన్నం తప్ప ఏదీ ముట్టదు, ఫోన్ పెడితేనే నోరు తెరుస్తుంది, ఏం చెయ్యాలి అని మీరు అడిగారు. మా వాడి మూడో ఏడు మొత్తం మళ్ళీ కళ్ళముందు తిరిగింది.

ఇప్పుడు వాడికి ఏడేళ్ళు. అప్పట్లో పెరుగన్నం, బిస్కెట్లు, పాలు, అంతే. పోపులో ఆవగింజ కనిపిస్తే ఏరి కంచం అంచున పెట్టేవాడు. ముద్దలో కొత్తిమీర తగిలిందా, మొత్తం ఉమ్మేసేవాడు. మాది హైదరాబాద్ నిజాంపేటలో మూడో అంతస్తు. బాల్కనీలో పావురాన్ని చూపిస్తూ ఒక ముద్ద, లిఫ్ట్ దగ్గర ఒక ముద్ద, మిగతాది ఫోన్‌లో పాటలు పెట్టి. ఒక్క పూటకి గంటన్నర పట్టేది. ఆ టెన్షన్‌లో నా అన్నం ఎప్పుడు తిన్నానో నాకే గుర్తుండేది కాదు.

ముందు పాల సంగతి చూడండి. అన్నం తినట్లేదు కదా, కనీసం పాలైనా తాగనీ అని నేను రోజుకి నాలుగుసార్లు ఇచ్చేదాన్ని. పిల్లల డాక్టరు లెక్క వేయిస్తే దాదాపు 900 మిల్లీలీటర్లు తేలింది. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 9.2 వచ్చింది. ఆ వయసుకి 11 కంటే తక్కువైతే రక్తహీనతే. పాలల్లో ఐరన్ దాదాపు ఉండదట, పైగా తిన్నదాంట్లో ఉన్న ఐరన్‌ని కూడా ఒంటికి సరిగ్గా పట్టనివ్వవట. కడుపు పాలతో నిండితే ఇక ఆకలెక్కడిది? అర లీటరు దాటనివ్వొద్దని చెప్పి ఐరన్ చుక్కలు రాశారు. మీ పాపకి కూడా ఒకసారి ఆ పరీక్ష చేయించండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో ఐదేళ్ళలోపు పిల్లల్లో 67 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. మన పిల్లలకి ఉండదులే అనుకోవడానికి లేదు.

పాలల్లో కలిపే తియ్యటి పొడుల మీద కూడా నాకు చాలా కోపం. ఎత్తు పెరుగుతారు, బలం వస్తుంది అని టీవీలో చూసి మేమూ డబ్బాలు డబ్బాలు కొన్నాం. 2024 ఏప్రిల్‌లో కేంద్రమే వాటిని హెల్త్ డ్రింకుల కింద పెట్టి అమ్మొద్దని ఆన్‌లైన్ అమ్మకం సంస్థలకి చెప్పింది. అప్పటికే మా డబ్బులు, వాడి ఆకలి రెండూ పోయాయి.

వాడు మారింది మాత్రం ఖమ్మం దగ్గర మా అమ్మవాళ్ళ ఊళ్ళో. వాడికి మూడున్నరేళ్ళు. మా ఇంటి పక్కనే అంగన్‌వాడీ. ఒకరోజు మధ్యాహ్నం నేను గిన్నె పట్టుకుని వెనకాల తిరుగుతుంటే వాడు తప్పించుకుని అందులోకి పరిగెత్తాడు. లోపల పది, పన్నెండు మంది పిల్లలు చేతులు కడుక్కుని చాపల మీద వరసగా కూర్చున్నారు. వీడూ వెళ్ళి చివర్లో కూర్చున్నాడు. ఆయమ్మ ఏమీ అడగకుండా వాడి ముందు ఒక కంచం పెట్టింది. పాలకూర పప్పు, అన్నం, ఉడికిన గుడ్డు. నేను కంగారుగా "వాడు ఆకుకూర తినడమ్మా" అన్నాను. ఆమె నా వైపు కూడా చూడలేదు. "నువ్వు అవతలికి పో బిడ్డా, నువ్వుంటే తినడు" అంది.

కిటికీ పక్కన నిలబడి చూశాను. కాసేపు పక్కపిల్ల కంచంలోకి చూస్తూ కూర్చున్నాడు. ఆ పిల్ల పప్పన్నం కలుపుకుని గబగబా తింటోంది. వీడు ఒక వేలు పప్పులో పెట్టి నాకాడు. తర్వాత పిడికెడు. ఆవాలు ఏరలేదు. గుడ్డు దగ్గర మాత్రం ఇద్దరూ బేరం పెట్టుకున్నారు, తెల్లది వీడికి, పచ్చసొన ఆ పిల్లకి. మూతి, చొక్కా, చాప అంతా పప్పే. నాకు ఏడుపొచ్చేసింది.

ఆ నెలంతా టీచరమ్మ వాడిని రానిచ్చింది. పిల్లలు ఒంటరిగా తినరు, బంతిలో తింటారు. ఇది నా గట్టి నమ్మకం. ఫ్లాట్‌లో ఒక్క పిల్లాడిని కుర్చీలో కూర్చోబెట్టి నలుగురు పెద్దవాళ్ళు నోట్లోకి చూస్తుంటే మనకైనా ముద్ద దిగదు.

చుట్టాల సంగతి కూడా చెప్పాలి. ప్రతి పెళ్ళిలో ఎవరో ఒకరు వాడి చెయ్యి పట్టుకుని "ఇంత సన్నగా ఉన్నాడేంటి, తిండి పెట్టట్లేదా" అని నన్నే అడిగేవాళ్ళు. మా ఆయన పక్కనే ఉన్నా ఆయన్ని ఒక్కరూ అడగలేదు. పిల్లాడు తినకపోతే తల్లి తప్పెలా అవుతుంది? మీకు కూడా ఈ మాటలు వినపడుతుంటే వాటి కోసం పాపని బలవంతం చెయ్యకండి. బరువు పెరగకపోయినా, మింగేటప్పుడు పొలమారుతున్నా డాక్టరు దగ్గరికి వెళ్ళండి, చుట్టాల దగ్గరికి కాదు.

హైదరాబాద్ వచ్చాక ఫోన్ బీరువాలో పెట్టేశాను. ముగ్గురం నేల మీద కూర్చుని ఒకేసారి తినడం మొదలుపెట్టాం. ఎదురింటి పిల్లల్ని కూడా పిలిచేదాన్ని. మొదటి వారం రోజులూ వాడు దాదాపు ఏమీ తినలేదు, నాకు నిద్రపట్టలేదు. అయినా పాలు పెంచలేదు. బీరకాయ కూర వాడి నోట్లోకి వెళ్ళడానికి పదిహేనుసార్లయినా కంచంలో పెట్టి ఉంటాను. బెండకాయ ఈ రోజుకీ ముట్టడు, నేనూ అడగడం మానేశాను. మొన్న తోటకూర పప్పు తనే రెండోసారి వడ్డించుకున్నాడు. నేను చూడనట్టు నా అన్నం నేను తిన్నాను.