క్యాబినెట్‌లో కార్డు పడుతుందా?

ప్రశ్న: కంప్యూటర్‌కు మిడ్ టవర్ (మధ్యస్థ సైజు) క్యాబినెట్ కొంటున్నాను. గ్రాఫిక్స్ కార్డుకు 380 మి.మీ. చోటుందని రాశారు. నా కార్డు 336. ముందువైపు లిక్విడ్ కూలర్ (ప్రాసెసర్‌ను ద్రవంతో చల్లబరిచేది) 360 మి.మీ. రేడియేటర్ పెట్టొచ్చా?

జవాబు: వద్దండి. ఆ 380 సాధారణంగా ముందు ఏమీ బిగించనప్పటి లెక్క. రేడియేటర్ మందం సాధారణంగా 27, దానికి బిగించే ఫ్యాన్ 25 మి.మీ. ఈ 52 పోతే మిగిలేది 328. కార్డుకు 8 మి.మీ. చోటు చాలదు. రేడియేటర్‌ను పైన బిగించండి. మదర్‌బోర్డు పై అంచుకూ కప్పుకూ మధ్య 55 మి.మీ. అయినా లేకపోతే ఫ్యాన్ ర్యామ్‌కు తగులుతుంది, కొనేముందే కొలవండి. ముందువైపు జాలీ ఉన్నదే తీసుకోండి, గాజు పలక గాలిని ఆపేస్తుంది. ఇంకోటి, గ్రాఫిక్స్ కార్డుకు 16 పిన్నుల పవర్ కేబుల్ ఉంటే దాన్ని కనెక్టర్ దగ్గరే వంచకూడదు. 35 మి.మీ. నిటారుగా వచ్చాకే వంచాలి. పక్క గాజు దాన్ని నొక్కితే పిన్నులు వదులై కాలిపోయే ప్రమాదముంది.